సెంటర్ సర్కిల్‌లో సాక్ష్యం

“మీరే సారూ! మా గుంట నోరు పీకీసినోరు మీరే! ఆట నేర్పమని పంపితే మాట లేకుండా సేసి పంపినారు!”

శనివారం పొద్దున్నే రాజాంలో సత్యానందం ఇంటి గేటు పట్టుకుని, కూతురి గురించి అప్పలసూరి అరిచిన మాట ఇది. అప్పుడే ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన ముగిసింది. బైబిలు ఇంకా స్టూలు మీదే ఉంది. వంటింట్లో లీలారాణి ఇడ్లీ పాత్ర మూత తీస్తోంది. సత్యానందం వరండాలో కూర్చుని కొత్త విజిళ్ళకు తాళ్ళు కడుతున్నాడు. సోమవారం నుంచి అతని సమ్మర్ క్యాంపు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలు వస్తారు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అతను ఫిజికల్ డైరెక్టరు, అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్. ఊళ్ళో అందరికీ పీడీ సారు.

“అప్పలసూరీ, ముందు లోపలికి రా. టీ తాగు. ఏటైంది?” అన్నాడు లేస్తూ.

“ఏటైందని నన్నడుగుతారేటి? మీకు తెలీదేటి?” శ్రీముఖలింగం పక్క పల్లెలో రెండు ముక్కల భూమి చేసుకునే రైతు అతను. మొదటి బస్సుకే బయల్దేరి వచ్చాడు. చంకలో ఎరువుల సంచి ఉంది. దాన్ని గేటు మీంచి లోపలికి దించాడు. “ఇవి మీరు కొన్న బూట్లు. ఇది మీ కాలేజీ జెర్సీ. ఉంచీసుకోండి. మాకొద్దు.”

“ఈశ్వరి ఎలా ఉంది?”

“ఎలగున్నాదా? ఫైనల్ ఆడొచ్చిన కాణ్ణించి దాని నోట మాట లేదు సారూ. బువ్వ ముందర కూకుంటాది, కంచంకేసి సూస్తాది, లేసెల్లిపోతాది. నిన్న పొద్దుట పక్కలో లేదు. ఊరంతా ఎతికినాం. వంశధారలో మడుగుంటాది కదా, దాంట్లో పీకల్లోతున నిలబడున్నాది. సాపలు పట్టేవోళ్ళు సూసి సెయ్యట్టుకుని లాక్కొచ్చినారు. ఏటే తల్లీ, ఏటైనాదే అని ఆళ్ళమ్మ కాళ్ళు పట్టుకుంటే అది నోరు తెరవలేదు.”

వంటింటి గుమ్మంలో లీలారాణి చేతిలో మూత అలాగే ఉండిపోయింది. లోపలి గదిలోంచి కూతురు ప్రిస్కిల్లా తడి జుట్టుతోనే బయటికి వచ్చింది.

“దాని సావాసగత్తిలు సెప్పినారు. అందరి మద్దెనా నిలబెట్టీసి తప్పు ఒప్పుకోమన్నారంట కదా. ఒప్పుకునే దాకా ఎవుల్నీ కదలొద్దన్నారంట కదా. దొంగతనం సేసినోణ్ణి పట్టుకుంటే పోలీసోళ్ళు కూడా లోపలికి తీసుకెల్లి అడుగుతారు సారూ! నా గుంట ఏటి దొంగిలించినాది? బంతి ఆ ఇనప గుండ్రంలో పడలేదు. అంతే కదా!”

సత్యానందం ఏదో అనబోయాడు. అప్పలసూరి వినలేదు. తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

*

ఆ ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి.

“నేను చెయ్యెత్తలేదు,” అన్నాడు సత్యానందం చివరికి. ఎవరూ అడగలేదు, అయినా అన్నాడు. “ఇరవై ఏళ్ళ పైబడి పిల్లల్తో ఉన్నాను. ఒక్కరి మీద చెయ్యెత్తలేదు. మిగతా పీడీలు బెత్తం పట్టుకుని తిరుగుతారు. గుంజీలు తీయిస్తారు. ఎండలో పరిగెట్టిస్తారు. నేను అలాంటివేవీ చెయ్యలేదు.”

అది నిజమే. అతను బెత్తం పట్టలేదు. దాని బదులు ఇంకొకటి పట్టాడు. దానికి పిల్లలు పెట్టుకున్న పేరు ‘సాక్ష్యం’.

అది చర్చిలో మాట. సత్యానందం మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు ఆదివారం ఆరాధనలో తల్లి లేచి నిలబడి, ఆ వారంలో తను ఎక్కడ జారిందో, దేవుడు ఎలా లేపాడో సాక్ష్యం చెప్పేది. చెప్పి ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ మొహం చన్నీళ్ళతో కడుక్కున్నట్టు ఉండేది. ఆ మొహం అతను మర్చిపోలేదు. కోచ్ అయ్యాక దాన్ని తెచ్చి బాస్కెట్‌బాల్ కోర్టులో పెట్టాడు. ప్రతి సాయంత్రం ఆట అయ్యాక జట్టంతా గుండ్రంగా నిలబడాలి. విజిల్ ఊది అతను ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు కోర్టు నడుమనున్న సెంటర్ సర్కిల్‌లోకి వచ్చి, ఆ రోజు తాము చేసిన తప్పు గట్టిగా చెప్పాలి. మిగతా అందరూ చప్పట్లు కొట్టాలి. బెత్తం కంటే ఇది ఎంతో మెత్తనిదని, దీంతో పిల్లల గుండెల్లో బరువు దిగుతుందని అతను నిజంగానే నమ్మాడు.

సత్యానందం ఒక్కడే చేశాడా ఈ పని? ప్రిన్సిపాల్ మేడ మీంచి రోజూ చూశాడు. క్యాంపుకి పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు స్కూటర్ల మీద కూర్చుని చూశారు, తమ పిల్ల తప్పు ఒప్పుకుంటుంటే ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. “క్రమశిక్షణ అంటే ఇదండీ” అన్నారు. జట్టు కప్పులు తెచ్చింది. కప్పులొస్తుంటే ఏ ఊరైనా ఇంకేమీ అడగదు. అతని దగ్గర నేర్చుకున్న త్రినాథ్, రమేష్‌బాబు ఇప్పుడు బడుల్లో పీఈటీలు. వాళ్ళూ పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి ఇదే చేయిస్తున్నారు. అందులో ఆరో తరగతి పిల్లలు కూడా ఉన్నారు.

ఆ ఫైనల్ శ్రీకాకుళంలో జరిగింది. ఆట ముగియబోతుండగా జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. చివర్లో ఈశ్వరికి ఎవరూ అడ్డుకోకుండా బంతి వేసే రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. రెండూ పోయాయి. బస్సు రాజాం చేరగానే, హాస్టల్‌కి కూడా పంపకుండా, సత్యానందం జట్టుని కోర్టుకి తీసుకొచ్చాడు. విజిల్ ఊదాడు. ఈశ్వరిని పిలిచాడు. ఆమె వచ్చి నిలబడింది. నోరు తెరవలేదు. “ఈశ్వరి చెప్పేదాకా ఎవరూ కదలరు” అన్నాడు. చీకటి పడింది. కోర్టు లైట్లు వేశారు. చివరికి ఆ పిల్ల “తప్పంతా నాదే” అంది. చప్పట్లు కొట్టించాడు. దగ్గరికెళ్ళి తల మీద చెయ్యి వేసి “ఇప్పుడు తేలిగ్గా ఉందా అమ్మా?” అని అడిగాడు. ఆమె తలూపింది.

ఆ తలూపడం ఇప్పుడు అతనికి గుర్తొస్తోంది.

“దానిది మెత్తటి మనసు. ముందే చూసుకోవలసింది,” అన్నాడు. “అందరూ అలా అయిపోలేదు కదా. నువ్వూ నిలబడ్డావు, ప్రిస్కీ. నీకేమైంది?”

ప్రిస్కిల్లా విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కౌన్సిలరు. నిద్రపట్టని పిల్లలు, పరీక్ష పోతే గదిలోంచి రాని పిల్లలు, ఇంటికి ఫోన్ చేయడానికి భయపడే పిల్లలు ఆమె గదికి వస్తారు. వారానికోసారి ఇంటికి వస్తుంది. తండ్రి ఆ ఉద్యోగాన్ని “ఏడిపించే ఉద్యోగం” అని ఎగతాళి చేస్తాడు. “నేను పిల్లల్ని గట్టిపరిచి పంపుతాను, నువ్వు మెత్తబరిచి పంపుతావు” అంటాడు.

“నాకేమైందో చెప్పనా?” అంది. “అబద్ధం ఆడటం వచ్చింది.”

“ఏటి?”

“మీ క్యాంపులో మేమందరం అబద్ధాలే చెప్పేవాళ్ళం నాన్నా. బూట్ల లేసులు కట్టుకునేటప్పుడే తప్పులు పంచుకునేవాళ్ళం. ‘ఇవాళ నువ్వు బద్ధకం చెప్పు, నేను పాసివ్వలేదని చెప్తాను, నిన్న చెప్పింది మళ్ళీ చెప్పకు, కనిపెట్టేస్తారు’ అని. మీరు కళ్ళు మూసుకుని వినేవారు. ఆమెన్ అన్నట్టు తలూపేవారు. మేము అటు తిరిగి నవ్వుకునేవాళ్ళం. నవ్వు రానివాళ్ళు ఇంటికెళ్ళి ఏడ్చేవాళ్ళు. నేను ఏ రోజు నవ్వేనో ఏ రోజు ఏడిచేనో అమ్మకి తెలుసు.”

సత్యానందం భార్య వైపు చూశాడు. లీలారాణి చూపు తిప్పుకోలేదు.

“ఈశ్వరికి అబద్ధం ఆడటం రాలేదు,” అంది ప్రిస్కిల్లా. “అంతే తేడా. మెత్తటి మనసూ కాదు, ఏమీ కాదు. మిగతావాళ్ళలా చిన్న తప్పొకటి కల్పించుకోలేకపోయింది. నిజం తప్పు ఏదా అని లోపల వెతుక్కుంది. వెతుక్కుంటే దొరక్క, మొత్తం నెత్తినేసుకుంది.”

“మీ నానమ్మ...” అన్నాడు సత్యానందం. “మీ నానమ్మ సాక్ష్యం చెప్పొచ్చిన రోజు ఆవిడ మొహం నువ్వు చూడలేదు. అదే పిల్లలకి ఇద్దామని...”

“నానమ్మని ఎవరైనా లేపేరా?”

అతనికి అర్థం కాలేదు.

“పాస్టరు గారు విజిల్ ఊది, ‘మరియమ్మా, నువ్వు లే, నీ తప్పు చెప్పు, చెప్పేదాకా సంఘమంతా నిలబడే ఉంటుంది’ అన్నారా? ఆవిడంతట ఆవిడే లేచేది కదా నాన్నా. ఇష్టం లేని ఆదివారం కూర్చునే ఉండేది కదా. అప్పుడు ఎవరైనా ఏమైనా అన్నారా?”

సత్యానందం చేతిలోని విజిల్ తాడు ముడి పడలేదు. మళ్ళీ కట్టబోయాడు.

“నీకు తెలుసు కదా,” అన్నాడు కోపం కూడగట్టుకుని. “ఇన్ని తెలిసినదానివి, ఈశ్వరి అలా ఉందని నాకెందుకు చెప్పలేదు?”

దానికి ప్రిస్కిల్లా మొహం మారిపోయింది. అంతవరకూ నిలబడి మాట్లాడిన మనిషి తలుపు పక్కన నేల మీద కూలబడింది.

“నా దగ్గరికొచ్చింది నాన్నా. ఫైనల్ అయిన వారంలోనే. ఒక్కతే బస్సెక్కి విజయనగరం వచ్చింది. కుర్చీలో కూర్చుని నేలకేసి చూసింది, ఒక్క మాటా అన్లేదు. మీ దగ్గర ఆడే పిల్లని నేను చూడకూడదు, ఇంకొకరి దగ్గరికి పంపాలి. అది మా వృత్తిలో నియమం. నియమం మంచిదే. ఒక డాక్టరమ్మ నంబరు ఇచ్చేను. బస్టాండు దాకా దింపేను. ఆ తర్వాత ఆవిడకి ఫోన్ చేసిందా లేదా అని కనుక్కోలేదు. వాళ్ళింటికి కబురు పెట్టలేదు.”

“నియమం అన్నావు కదే,” అంది లీలారాణి.

“అది పైకి చెప్పే మాటమ్మా. ఆ పిల్ల నోరు తెరిస్తే నాన్న పేరు వస్తుందని నాకు భయం వేసింది. వినకుండా పంపించేశాను. దాన్ని మడుగులోకి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను.”

బయట ఇడ్లీ బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు. అప్పుడు లీలారాణి వచ్చి, భర్త ఒళ్ళోని విజిళ్ళన్నీ పళ్ళెంలోకి తీసి పక్కన పెట్టింది.

“నేనూ నోరు మూసుకున్నాను,” అంది. “పన్నెండేళ్ళ పిల్ల దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తుంటే, ఆటలో ఓడిపోయిందేమోలే అనుకున్నట్టు నటించేను. మీతో గొడవెందుకని. కానీ ఒక్క మాట చెప్పండి. ఇన్నేళ్ళ కాపురంలో మీరు నా ముందు ఒక్కరోజైనా తప్పు ఒప్పుకున్నారా? కూరలో ఉప్పెక్కువైతే నాది, కరెంటు బిల్లు మర్చిపోతే నాది. రోజూ పరాయి పిల్లల చేత ఒప్పించి, చప్పట్లు కొట్టించి ఇంటికొచ్చేవారు. మీది ఎప్పుడండీ?”

సత్యానందం లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

*

ఆ సాయంత్రం కాలేజీ కోర్టులో జట్టు కెప్టెన్ యమున ఒక్కతే ఉంది. సమ్మర్ క్యాంపుకి కోర్టు గీతలకు తెల్ల రంగు వేస్తోంది. సత్యానందాన్ని చూసి బ్రష్ పక్కన పెట్టి నిలబడింది.

“కూర్చో,” అన్నాడు. అతనూ గట్టు మీద కూర్చున్నాడు. “యమునా, ఒకటి అడుగుతాను. సాక్ష్యంలో మీరు చెప్పేవన్నీ అబద్ధాలేనా?”

యమున చేతికున్న రంగు గోళ్ళతో గోక్కుంది.

“నిన్నేమీ అనను. చెప్పు.”

“అందరం అలాగే సేస్తాం సార్. మీకు తెలుసనుకున్నాం. తెలిసే ఊరుకున్నారనుకున్నాం.”

“ఈశ్వరి?”

“అదొక్కతే సేసేది కాదు. ‘లేని తప్పు ఎలగ సెప్తానే’ అనేది. దాని మాట మేమే తయారుసేసి ఇచ్చేవాళ్ళం. ఆ రోజు బస్సులో కూడా ఇచ్చేను సార్. ‘సెయ్యి వణికిపోనాది, ప్రాక్టీసు సాల్లేదు అని సెప్పీ, అయిపోద్ది’ అన్నాను. అది వినిపించుకోలేదు. కిటికీలోంచి బయటికి సూస్తా కూర్చుంది.”

ఆ పిల్ల ఇంకా ఏదో చెప్పాలనుకుంటోంది. చెప్పలేకపోతోంది. సత్యానందం అలవాటు ప్రకారం “ఊ, చెప్పు, చెప్పు” అనబోయాడు. తన నోరు తనకే అడ్డం వచ్చింది. ఊరుకున్నాడు. అలా ఊరుకుని ఒక పిల్ల కోసం ఎదురుచూడటం అతనికి అలవాటు లేదు.

“ఆ రాత్రి కాళ్ళు లాగేస్తన్నాయి సార్ మాకు,” అంది యమున చాలాసేపటికి. “మేచ్ ఆడి వచ్చేం. ఆకలి. దోమలు. మీరు కదలనివ్వలేదు. అప్పుడు మేమందరం మెల్లగా అనేం దాన్ని. మీకు వినపళ్ళేదు. ‘సెప్పీయే... సెప్పీసి సావే’ అనేం. నేనే ముందన్నాను. నా పక్కనున్నది అన్నాది. అందరం అన్నాం. అప్పుడే అది నోరు తెరిచింది.”

చెప్పి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. చేతులకున్న తెల్ల రంగు చెంపలకి అంటుకుంది.

“మడుగు సంగతి నిన్న తెలిసింది సార్. అప్పణ్ణించి నాకు అదే మాట వినిపిస్తన్నాది. నా గొంతే.”

సత్యానందం చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ కోర్టునే చూశాడు. అక్కడ అతను గెలిచిన ఆటలున్నాయి. బంతి బోర్డుకి తగలకుండా నెట్‌లోంచి జారిన చప్పుళ్ళున్నాయి. ఇప్పుడు అతనికి ఒక్కటే కనబడింది. మధ్యలో ఒక పిల్ల, చుట్టూ ఆమె స్నేహితురాళ్ళు. వాళ్ళ నోళ్ళలోకి ఆ మాట తోసింది అతను. దాని మీద చప్పట్లు కూడా కొట్టించాడు.

“అది నీ మాట కాదమ్మా,” అన్నాడు. “నాది. నేను మీ నోటితో అనిపించేను.”

*

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే సత్యానందం తన నిర్ణయం చెప్పాడు. సోమవారం క్యాంపు మొదటి రోజు, పిల్లలు, తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్ అందరి ముందూ తను వెళ్ళి ఆ సెంటర్ సర్కిల్‌లో నిలబడతాడు. తన తప్పంతా గట్టిగా చెప్పుకుంటాడు.

లీలారాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రిస్కిల్లా మాత్రం “వద్దు” అంది.

“ఏం? నాకు ఆ పాటి ధైర్యం లేదనుకున్నావా?”

“ధైర్యం ఉంది. అందుకే వద్దంటున్నాను. మీరు అక్కడ నిలబడి ఏడిస్తే అందరూ చప్పట్లు కొడతారు. ‘ఎంత గొప్ప మనిషి’ అంటారు. మీ మొహం నానమ్మ మొహంలా అయిపోతుంది. ఆ పిల్ల మాత్రం అక్కడే, ఆ ఇంట్లోనే, నోరు లేకుండా ఉంటుంది. మళ్ళీ అదే ఆట కదా నాన్నా. ఈసారి మీరు గెలుస్తారు, అంతే.”

సత్యానందం కంచం పక్కకి జరిపాడు. ఆ మాట అప్పలసూరి తిట్టు కంటే లోతుగా దిగింది.

“అయితే ఏం చెయ్యమంటావు?”

“రేపు వాళ్ళింటికి వెళ్దాం. నేనూ వస్తాను, మీ కూతురిగా. కౌన్సిలర్‌గా కాదు. ఆ డాక్టరమ్మతో మధ్యాహ్నం మాట్లాడేను, రేపు సాయంత్రం శ్రీకాకుళంలో చూస్తానన్నారు. వాళ్ళమ్మతో ఆ సంగతి నేను చెప్తాను. మీరు మాత్రం వెళ్ళి కూర్చోండి. క్షమించమని ఆ పిల్ల చేతులు పట్టుకోకండి. పట్టుకుంటే ‘పర్లేదు సార్’ అనాలి కదా అది. మళ్ళీ దాని చేత ఒక మాట అనిపించినట్టే.”

“మరి నేనేం మాట్లాడాలి?”

“తెలీకపోతే మాట్లాడకండి. మీకదొక్కటే రాదు.”

అంత బాధలోనూ లీలారాణికి నవ్వొచ్చింది. కొంగుతో నోరు మూసుకుంది. సత్యానందం ఆమె వైపు తిరిగి, గొంతు సర్దుకుని, “పప్పులో ఉప్పు సరిపోయింది” అన్నాడు. ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ ముద్ద ముట్టలేదు. లీలారాణి అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

ఆదివారం సత్యానందం ఆరాధనకి వెళ్ళలేదు. తండ్రీ కూతురూ శ్రీకాకుళం మీదుగా నరసన్నపేటలో బస్సు మారి, ఎండ ముదిరేసరికి ఆ పల్లెకి చేరారు. బూట్ల సంచి సత్యానందం చేతిలోనే ఉంది. ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పలసూరి వాళ్ళని చూసి మంచం మీంచి లేవలేదు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. “ఒచ్చినారేటి” అని మాత్రం అన్నాడు. అతని భార్య ప్రిస్కిల్లా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆవిడకి మాట్లాడే మనిషి కావాలి. ఎవరైనా సరే.

పంచలో చింతపండు కుప్ప ముందు ఈశ్వరి కూర్చుని ఉంది. చిన్న రాయితో కొట్టి పిక్కలు తీస్తోంది. బంతి పట్టినప్పుడు కోర్టంతా తనదే అన్నట్టు తిరిగే పిల్ల. ఇప్పుడు భుజాలు లోపలికి ముడుచుకుపోయాయి. కోచ్‌ని చూసింది. చెయ్యి ఆగింది. మళ్ళీ రాయి ఎత్తింది.

సత్యానందం కుప్పకి అవతలి పక్క నేల మీద కూర్చున్నాడు. ఇంకో రాయి తీసుకున్నాడు. అతనికి ఆ పని రాదు. పిక్క చితికిపోతోంది, పండు వేళ్ళకి అంటుకుంటోంది. ఆమె చూసింది.

చాలాసేపు ఆ రెండు రాళ్ళ చప్పుడే. ఆ చప్పుడు కింద అతనికి వంద మాటలు నోటిదాకా వచ్చాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు మింగాడు. క్షమించు అనాలనిపించింది. మింగాడు. నా కూతురి కంటే ఎక్కువ చూసుకున్నాను అనాలనిపించింది. అది మరీ సిగ్గుగా అనిపించి మింగాడు. ఇంత కష్టమైన పనా ఇది? నోరు మూసుకోవడం ఇంత కష్టమైతే, నోరు తెరవలేని పిల్లని తెరవమనడం ఎంత పాపం!

కొంతసేపటికి ఈశ్వరి అతని ముందున్న చితికిన పిక్కల్ని తన వైపు లాక్కుంది. రాయి ఎలా పట్టుకోవాలో చూపించింది, మాట లేకుండానే. అంచు మీద కొట్టాలి. నడిమిన కాదు.

అలా కొట్టాడు. పిక్క చక్కగా ఊడొచ్చింది. అప్పుడు ఇక మింగలేకపోయాడు.

“ఆ రోజు తప్పు నాదమ్మా,” అన్నాడు నేలకేసి చూస్తూ. “నీకు తప్పేమీ లేదు. ఆటలో బంతి పోతుంది. నువ్వేమీ అనక్కర్లేదు. ఈ ఒక్కటి చెప్పి వెళ్ళిపోదామని వచ్చేను.”

లేవబోయాడు. గోడ పట్టుకున్నాడు. సంచి ఒరిగి బూటు ఒకటి బయటికి జారింది. దాన్ని గబగబా లోపలికి తోయబోయాడు.

“సారూ.”

మంచం మీద అప్పలసూరి దిగ్గున లేచి కూర్చున్నాడు. లోపల ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఈశ్వరి గొంతు బొంగురుపోయి ఉంది. చాలా రోజులు వాడని గొంతు.

“రేపు కేంపుకి... సిన్నపిల్లలు కూడా వొస్తారా సారూ?”

“వస్తారమ్మా.”

“ఆళ్ళని నిలబెడతారా?”

“లేదు. ఇంకెప్పుడూ లేదు.”

“మీరు నిలబెట్టరు. త్రినాథ్ సారో? మా తమ్ముడు ఆయన బళ్ళోనే ఆరు సదవతన్నాడు. బడి తెరవగానే సాక్ష్యం ఉంటాదంట. ఇప్పుట్నించే తప్పులు ఎతుక్కుంటన్నాడు.” ఆమె మాట ఆగలేదు. “‘అక్కా, నాకేటి తప్పుందే, ఒకటి సెప్పవే’ అని నన్నడిగినాడు. నాకేటీ తోచలేదు. మొన్న పొద్దుట లేసి మడుగుకాడికెల్లిపోనాను.”

తల్లి గుమ్మంలోకి వచ్చి నోట్లో కొంగు కుక్కుకుంది. ప్రిస్కిల్లా ఆవిడ భుజం గట్టిగా పట్టుకుంది. అప్పలసూరి ఏడుస్తున్నాడు, మొహం తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

సత్యానందం గోడ వదిలాడు. మళ్ళీ నేల మీద కూర్చుండిపోయాడు. తను చేసింది ఒక్క సాయంత్రపు పని కాదని, ఒక్క పిల్లకి జరిగింది కాదని, అది కాళ్ళొచ్చి ఊళ్ళు తిరుగుతోందని అతనికి అప్పుడు పూర్తిగా తెలిసింది.

“నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను ఈశ్వరీ,” అన్నాడు. “డాక్టరమ్మ దగ్గరికి ప్రిస్కీ అక్కతో వెళ్తావా? వెళ్ళకపోయినా సరే, నీ ఇష్టం...”

“ఎల్తాను. అది తరవాత.” ఆమె రాయి కింద పెట్టింది. చేతులు లంగాకి తుడుచుకుంది. సంచిలోంచి బయటికి జారిన బూటుని చూసింది. “అవి అక్కడెట్టండి. తొడుక్కుంటానని అన్లేదు. తీసుకెల్లిపోకండి, అంతే. మళ్ళీ ఆడతానో లేదో నాను సెప్తాను. మీరడగొద్దు.”

“అడగను.”

“సెంటర్ సర్కిల్‌లో జంప్‌బాల్ వెయ్యాలి సారూ. బంతి ఎగరాలి అక్కడ. మనిషిని నిలబెట్టకూడదు. కేంపుకి పిల్లల్ని పంపే అమ్మలకి, అయ్యలకి ఆ మాట మీ నోటితోనే సెప్పాలి. ఎందుకాపీసినారో కూడా సెప్పాలి. దాపెట్టకూడదు. ప్రిస్కీ అక్కలాటి మనిషొకలు ఆ కోర్టు గట్టు మీద రోజూ కూకోవాలి. పిల్లలు ఇష్టమైతే ఎల్తారు, నేదంటే నేదు. పిలవకూడదు.”

“అలాగే అమ్మా. రేపే...”

“రేపు కాదు సారూ.” ఆ పిల్ల మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. “ఫోన్ తియ్యండి. త్రినాథ్ సారికి సెయ్యండి. రమేష్‌బాబు సారికి సెయ్యండి. మీ కాడ నేర్సుకున్నోళ్ళు ఎంతమందున్నారో అందరికీ సెయ్యండి. మా తమ్ముడు ఆ పెరట్లోనే ఉన్నాడు, ఆడికి వినపడాలి. సెయ్యండి సారూ. ఇప్పుడే. ఇక్కడే.”